789: మన పేరు రాసిన పద్దు

గత రెండు భాగాల్లో డీకేటీ పట్టాల గురించి, చేతులు మారిన భూముల గురించి రాశాను. ఈసారి డబ్బు గురించి. మనవాళ్లు భూమి గురించి మాట్లాడినంతగా బడ్జెట్ గురించి మాట్లాడరు. భూమి కళ్లకు కనిపిస్తుంది, గట్టు మీద నిలబడి ఇదిగో ఇక్కడినుంచి అక్కడిదాకా అని చెయ్యి చాపి చూపించొచ్చు. బడ్జెట్ పుస్తకం ఎట్లా ఉంటుందో కూడా చాలామందిమి చూడలేదు. మా శ్రీకాళహస్తి గుడిలో హుండీ లెక్కిస్తే నగదెంత, బంగారమెంత, వెండెంత అని మర్నాడు పేపర్లో వస్తుంది. దేవుడి డబ్బుకు అంత పక్కా లెక్క. మన డబ్బుకూ లెక్క ఉంది, దానికొక నంబరు కూడా ఉంది. అది 789.

ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ బడ్జెట్ పుస్తకంలో ఒక చిరునామా ఉంటుంది. మొదట నాలుగంకెల మేజర్ హెడ్. సాధారణ విద్యకు 2202. వైద్యానికి 2210. రోడ్లు, వంతెనలు కట్టడానికి 5054. వాటి కింద మూడంకెల మైనర్ హెడ్. ఏ శాఖ పద్దులోనైనా సరే, 789 అని కనిపిస్తే ఆ సొమ్ము షెడ్యూల్డ్ కులాల వాటా. 796 అని ఉంటే షెడ్యూల్డ్ తెగల వాటా, అంటే మా ప్రాంతంలో యానాదుల, ఎరుకల వాటా. దీన్నే మనం సబ్ ప్లాన్ అంటున్నాం.

క్లాసులో ఒకసారి సబ్ ప్లాన్ అంటే ఏమిటని అడిగాను. "లోను సార్, కార్పొరేషన్ లోను" అన్నారు పిల్లలు. వాళ్లను తప్పు పట్టలేం. గేదెకు, ఆటోకు, కుట్టుమిషన్‌కు ఇచ్చే లోనుగానే ప్రభుత్వాలు మన వాటాను మనకు పరిచయం చేశాయి. అది వాటా అన్న సంగతి చెప్పలేదు. అందుకే ఈ 789 ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

మా తాలూకా అప్పట్లో కాళహస్తి జమీందారీ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది, అది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ, మనల్ని పంచములు అనొద్దు, ఆది ఆంధ్రులం అనాలని తీర్మానించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. మా జిల్లాలో ఈనాటికీ ఎన్నో వాడల పేర్ల చివర "ఆది ఆంధ్రవాడ" అని ఉండటం ఆ సభ మిగిల్చిన గుర్తే. పేరైతే గెలిచాం. మరి పైసలు?

1920లో మద్రాసు ప్రభుత్వం మన బాగోగులు చూసే పనిని లేబర్ కమిషనర్‌కు అప్పగించింది. లేబర్ ఎందుకంటే మనమంటే కూలీలమే కదా, అదీ వాళ్ల లెక్క. ఆ శాఖ మూడు పనులు చేసింది: బావులు తవ్వించింది, బడులు పెట్టింది, ఇళ్ల స్థలాలు ఇప్పించింది. మంచి పనులే. కానీ ఆ ఖర్చు తీరు చూడండి. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వకపోతే, తోడుకోనిచ్చేలా చెయ్యడం సర్కారు పని. అలా చేస్తే ఊరి పెద్దలతో తగాదా. మనకు వేరే బావి తవ్విస్తే తగాదా లేదు. ఊరి బడిలో చేర్చుకోకపోతే వేరే బడి. ఇళ్ల స్థలాలకైన ఖర్చును కూడా చాలాచోట్ల సహకార సంఘాలు పెట్టించి, ఆ కుటుంబాల దగ్గరే వాయిదాల్లో వసూలు చేసుకున్నారు. మన కోసం ప్రభుత్వం విడిగా ఖర్చు పెట్టడం అనే పద్ధతి మొదలైందే ఇలా. ఉమ్మడి సొత్తులో మన హక్కును అమలు చెయ్యలేక, దానికి బదులుగా విదిల్చిన చిన్న మొత్తంగా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

పూనా ఒడంబడిక మనందరికీ తెలుసు. 1932 సెప్టెంబర్ 24, యరవాడ జైలు, ప్రత్యేక నియోజకవర్గాలు పోయి రిజర్వుడు సీట్లు వచ్చాయి. మొత్తం 148, అందులో మద్రాసుకు 30. ఈ సీట్ల గురించి తొంభై ఏళ్లుగా వాదించుకుంటున్నాం, వాదించుకోవాల్సిందే. కానీ ఆ ఒడంబడికలో చివరి అంశం, తొమ్మిదోది, మన సభల్లో ఎవరూ ప్రస్తావించగా నేను వినలేదు. ప్రతి రాష్ట్రంలోనూ విద్యకిచ్చే గ్రాంటులోంచి తగినంత సొమ్మును అణగారిన వర్గాల చదువు కోసం ప్రత్యేకంగా కేటాయించి పెట్టాలన్నది దాని సారాంశం. వేరే బడికి వేరే డబ్బు అనలేదు చూడండి. మొత్తం విద్యా గ్రాంటులోంచి అన్నారు. అందరి డబ్బులో మన భాగం. నా దృష్టిలో 789కి బీజం అక్కడ పడింది. సీట్ల మీద సంతకం చేసిన చేతులే డబ్బు మీద కూడా సంతకం చేశాయి. సీట్లు చట్టాల్లోకి, రాజ్యాంగంలోకి వెళ్లాయి. డబ్బు మాత్రం "తగినంత" అన్న మాట దగ్గర ఆగిపోయింది. తగినంత అంటే ఎంత? చెప్పేవాడి దయ.

ఆ "తగినంత"ను అంకెలోకి మార్చడానికి పదేళ్లు పట్టింది. గబ్బిలం అచ్చయింది 1941లో. జాషువా తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. ఆ మరుసటి ఏడాది, 1942 అక్టోబర్లో అంబేడ్కర్ తన గోడును నేరుగా వైస్రాయికి వినతిపత్రంగా ఇచ్చాడు. అప్పటికి ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. అందులో ఆయన వాదన నాకు చాలా ఇష్టం. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికీ, అలీఘర్ ముస్లిం విశ్వవిద్యాలయానికీ కేంద్రం ఏటా చెరో మూడు లక్షలు ఇస్తోంది కదా, అలాంటప్పుడు షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ఏమిస్తోంది అని అడిగాడు. జాలి చూపమని అడగలేదు. పక్కవాడి పద్దు చూపించి మా పద్దు ఏదని అడిగాడు. మూడు లక్షలు వచ్చాయి. విదేశాల్లో చదువుకు స్కాలర్‌షిప్పులు వచ్చాయి, 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఈ రోజు మా కాలేజీలో పిల్లలు ఎదురుచూసే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పూర్వీకురాలు అదే. (2022లో మన రాష్ట్రంలో విదేశీ విద్య పథకానికి అంబేడ్కర్ పేరు తీసేసి అప్పటి ముఖ్యమంత్రి పేరు పెట్టినప్పుడు నాకు ఈ 1942 కాగితమే గుర్తొచ్చింది. ఆ పేరు అక్కడ అలంకారానికి పెట్టింది కాదు.)

స్వాతంత్ర్యం తర్వాత పంచవర్ష ప్రణాళికలు వచ్చాయి. మనకు "సంక్షేమం" అనే శాఖ ఇచ్చారు. హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు, అంతే. అసలు డబ్బంతా సాగునీటిలో, కరెంటులో, పరిశ్రమల్లో, రోడ్లలో. అవి అందరివీ, కాబట్టి మనకూ అందుతాయనుకున్నారు. కాలువ తవ్వితే నీళ్లు ఎవరి పొలానికి పోతాయి? పొలం ఉన్నవాడి పొలానికి. తెలుగుగంగ కాలువ మా ప్రాంతం మీదుగానే చెన్నైకి పోతుంది. దాని గట్టు మీద మేకలు కాసుకునేవాడికి ఆ నీళ్లలో వాటా ఏముంది? ఇలా పాతికేళ్లు గడిచాక, 1974లో ఐదో ప్రణాళికతో పాటు గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది.

మనకు ఆ ఆలోచన తెచ్చిపెట్టినవాడు పి.ఎస్. కృష్ణన్. పుట్టింది కేరళలో, 1956 బ్యాచ్ ఐఏఎస్, పనిచేసింది మన ఆంధ్ర కేడర్లో. 1978లో కేంద్ర హోంశాఖలో జాయింట్ సెక్రటరీ అయ్యాక ఆయన వేసిన ప్రశ్న చాలా సాదాది. దేశ జనాభాలో ఇంత శాతం ఉన్నవాళ్లకు ప్రతి శాఖ ప్రణాళికా వ్యయంలోనూ అంత శాతం ఎందుకు ఉండకూడదు? సంక్షేమ శాఖ ఒక్కదానిలో కాదు, ప్రతి శాఖలోనూ. వ్యవసాయంలో, నీటిపారుదలలో, విద్యుత్తులో, పరిశ్రమల్లో. దానికే స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ అని పేరు. 1979లో మొదలైంది. 1980 మార్చిలో ఇందిరాగాంధీ ముఖ్యమంత్రులందరికీ దీన్ని అమలు చెయ్యమని లేఖ రాసింది. 1920 బావుల దగ్గర నేను ఆగమన్నది ఇందుకే. అప్పుడు ఉమ్మడి సొత్తు బదులు విడి సొత్తు. ఇప్పుడు ఉమ్మడి సొత్తులోనే వాటా. అరవై ఏళ్లకు లెక్క తలకిందులైంది. మనవైపు తిరిగింది.

కాగితం మీద.

లేఖ చట్టం కాదు. మార్గదర్శకాలను ఉల్లంఘించిన ఏ కార్యదర్శినీ ఎవరూ జైల్లో వెయ్యరు, ఒక్క ఇంక్రిమెంటు కూడా పోదు. ఏడాది మొదట్లో కేటాయింపు, ఏడాది చివర మురిగిపోవడం లేదా మళ్లింపు. మళ్లింపు అన్న మాటకు మా రైతులు వాడే అర్థం వేరు, రాత్రిపూట పక్కవాడి కాలువ గండికొట్టి నీళ్లు తన మడికి తిప్పుకోవడం. ఆ అర్థమే ఇక్కడా సరిపోతుంది. దేశమంతా దీన్ని కళ్లారా చూసింది 2010లో. ఢిల్లీ ప్రభుత్వం కామన్వెల్త్ క్రీడల పనుల కోసం స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ నుంచి 744 కోట్లు వాడుకుందని సమాచార హక్కు కింద తీసిన కాగితాలు బయటపెట్టాయి. అది తప్పేనని చివరికి పార్లమెంటులో ఒప్పుకోవలసి వచ్చింది. వాడలో మురుగుకాలువకు లేని డబ్బు స్టేడియంకు దొరికింది.

మన రాష్ట్రంలో అప్పటికే పోరాటం నడుస్తోంది. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం పాదయాత్రలు, దీక్షలు, మల్లేపల్లి లక్ష్మయ్య సెంటర్ ఫర్ దళిత్ స్టడీస్ తీసిన లెక్కలు, మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు లాంటి పెద్దల అనుభవం. ఇందులో నాకు ముఖ్యమనిపించేది పోరాటం మారిన తీరు. అంతకుముందు పాతికేళ్ల దళిత ఉద్యమం కారంచేడు, చుండూరు నెత్తురు మీద నడిచింది. అప్పుడు చేతుల్లో ఎఫ్ఐఆర్‌లు, పోస్టుమార్టం రిపోర్టులు. ఇప్పుడు చేతుల్లో బడ్జెట్ పుస్తకాలు. గ్రామాల్లో డప్పు కొట్టి పద్దుల గురించి చెప్పడం అంతకుముందు ఎరగం.

ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి మా జిల్లావాడే, పీలేరు ఎమ్మెల్యే. ఉప ముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ నాయకత్వంలో మంత్రివర్గ ఉపసంఘం వేశారు. దీనికోసమే ప్రత్యేకంగా శాసనసభ పెట్టి 2012 డిసెంబర్ 2న బిల్లు ఆమోదించారు. 2013 జనవరిలో అది చట్టమైంది. షెడ్యూల్డ్ కులాల, తెగల ఉప ప్రణాళికకు దేశంలో వచ్చిన మొదటి చట్టం అది. ప్రణాళికా వ్యయంలో ఎస్సీలకు 16.2 శాతం, ఎస్టీలకు 6.6 శాతం, 2001 జనాభా లెక్కల ప్రకారం. ముఖ్యమంత్రి అధ్యక్షతన ఒక మండలి, శాసనసభకు ఏటా నివేదిక. 1932లో "తగినంత" అని వదిలేసిన చోట ఎనభై ఏళ్లకు ఒక అంకె పడింది. దీన్ని చిన్న విషయంగా చూసే మిత్రులతో నేను ఒప్పుకోను.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. ఏ వాక్యం చూసినా ముందు క్రియ ఎక్కడుందో వెతుక్కునే అలవాటు. ఈ చట్టంలో మన పని మీద ఖర్చయిందని ఎలా లెక్కించాలో చెప్పే భాగం ఉంది. పూర్తిగా ఎస్సీ కుటుంబాలకు వెళ్లే పథకమైతే మొత్తం ఖర్చు మన ఖాతాలో. వాడలో వేసే రోడ్డు, నీళ్ల ట్యాంకు అయితే మొత్తం మన ఖాతాలో. అందరికీ వర్తించే పథకమైతే అందులో ఎస్సీ లబ్ధిదారులు ఎంతమందో అంత. ఇక విడదియ్యలేని పెద్ద నిర్మాణాలు, అంటే ఫ్లైఓవర్లు, పెద్ద రోడ్లు, ప్రాజెక్టులు అయితే, ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగం మన కోసం ఖర్చయినట్టు "భావించాలి". ఆ చివరి క్రియ చూడండి. ఖర్చు పెట్టాలి కాదు, చేరాలి కాదు, భావించాలి. ఎవరు భావిస్తారు? ఖర్చు పెట్టినవాడే. ఉదాహరణకు వంద కోట్ల రోడ్డు వేశారనుకోండి, అందులో కొన్ని కోట్లు 789లో రాసేస్తే సరి. ఆ రోడ్డు వాడవైపు ఒక అడుగు కూడా తిరగనక్కరలేదు.

మా ఊరి తిన్నడు శివుడి కంట నెత్తురు కారుతుంటే తన కన్ను ఇచ్చినట్టు భావించమని అడగలేదు. పెరికి ఇచ్చాడు.

ఈ చట్టాన్ని చూసి అదే 2013లో కర్ణాటక తనదీ రాసుకుంది. ఈ "భావించడం" కూడా 7(డి) అనే నంబరుతో అక్కడికి చేరింది. అక్కడి దళిత సంఘాలు పదేళ్లు కొట్లాడి 2023లో 7(డి)ని తీసివేయించాయి. బాగుంది కదా అనుకునేలోపే అదే ఏడాది అదే ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికలోంచి దాదాపు 11 వేల కోట్లు తన గ్యారంటీ పథకాలకు చూపించింది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు. ఆ రెండో తలుపు "అందరి పథకంలో మీవాళ్లు ఎంతమందో అంత" అన్నది.

మన రాష్ట్రంలో ఆ రెండో తలుపు ఇంకా ముందే బార్లా తెరుచుకుంది. 2019 తర్వాత అమ్మ ఒడి, చేయూత, పింఛను, రైతు భరోసా, ఇవన్నీ ఎస్సీ లబ్ధిదారులకు వెళ్లినంత మేర ఉప ప్రణాళిక ఖాతాలో కనిపించాయి. ఇక్కడ మనలో మనకే వాదన వస్తుంది. డబ్బు మా అమ్మ అకౌంట్లోనే కదా పడింది, మధ్యలో ఎవడూ తినలేదు కదా అంటారు. నిజమే. ఆ డబ్బుతో బడికి వెళ్లిన పిల్లలు నా ఎరికలో ఉన్నారు. నేను ఆ డబ్బును తప్పు పట్టడంలేదు. అది ఏ డబ్బా అని అడుగుతున్నాను. ఊళ్లో అవ్వకూ వాడలో అవ్వకూ ఒకటే పింఛను, అది రాష్ట్రంలో పౌరురాలిగా ఆమెకు రావలసింది. వాడలో అవ్వ విషయంలో మాత్రం దాన్ని మన వాటాలోంచి ఇచ్చినట్టు రాస్తే, పౌరురాలిగా ఆమెకిచ్చింది ఏమీ లేనట్టే. అంతరం పూడ్చడానికి పెట్టిన డబ్బును, అంతరం ఉన్నా లేకపోయినా ఇచ్చే డబ్బు కింద జమ కట్టేశారు. 1920లో ఉమ్మడి హక్కు బదులు ప్రత్యేక డబ్బు ఇచ్చారు. ఇప్పుడు ప్రత్యేక డబ్బు బదులు ఉమ్మడి హక్కునే చూపిస్తున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. ఈ ముఖ్యమంత్రీ మా జిల్లావాడే. ప్రశ్న మాత్రం పార్టీని బట్టి మారేది కాదు.

దీని మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది, చప్పుడు లేకుండా. మన వాటా లెక్కకట్టేది దేని మీద? ప్రణాళికా వ్యయం మీద. ప్రణాళికా సంఘాన్ని 2014లో రద్దు చేస్తామన్నారు, 2015 జనవరిలో నీతి ఆయోగ్ వచ్చింది, 2017-18 బడ్జెట్ నుంచి ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అన్న తేడానే ఎత్తేశారు. పదహారు శాతం సరే, దేనిలో పదహారు శాతం? పాలు కొలిచే లీటరు పాత్రను దాచేసి, మీ వాటా మీకుంది తీసుకోండి అన్నట్టు. తెలంగాణ 2017లోనే పాత చట్టం స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. అందులో ఒక మంచి మాట ఉంది: ఈ ఏడాది ఖర్చు కాని సొమ్మును వచ్చే ఏడాది కలిపి ఇవ్వాలని. అమలు సంగతి అక్కడి మిత్రులు చెప్పాలి. మన దగ్గర 2013 చట్టానికి పదేళ్ల గడువు 2023 జనవరిలో తీరిపోతుంటే, చివరి రోజుల్లో ఆర్డినెన్సు తెచ్చి ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ "భావించాలి"ని ముట్టుకోలేదు. మురిగిపోయే సొమ్ము గురించి ఒక్క మాట చేర్చలేదు. విడిపోయిన రాష్ట్రంలో మన జనాభా 17 శాతం దాటింది. పదేళ్ల అనుభవం చేతిలో ఉన్నప్పుడు చట్టాన్ని బాగుచెయ్యకుండా తేదీ ఒక్కటే మార్చడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పొడిగించినందుకు పాలాభిషేకాలు చేసిన మనవాళ్లను చూసి ఇంకా బాధపడ్డాను.

ఒక ఆఫీసుకు వెళ్లి మా మండలంలో ఉప ప్రణాళిక కింద జరిగిన పనులేమిటో వాడలవారీగా ఇవ్వమని అడిగాను. మూడుసార్లు తిరిగాక జిల్లా మొత్తానికి కలిపి ఒక్క అంకె రాసిచ్చారు. ఏ వాడ, ఏ వీధి, ఎన్ని మీటర్లు అన్న గళ్లే ఆ కాగితంలో లేవు. అంకె పెద్దదే. అది చూసి సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

కాబట్టి ఈ భాగం చదివినవాళ్లు ఒక పని చెయ్యండి. రాష్ట్ర బడ్జెట్ పత్రాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి, డబ్బు కట్టక్కరలేదు. మీకు తెలిసిన ఒక్క శాఖ తీసుకోండి. టీచరైతే 2202, నర్సయితే 2210, రోడ్ల కాంట్రాక్టులో పనిచేసినవాళ్లయితే 5054. దాని కింద 789 వెతకండి. మూడు రకాల అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి అసలు ఖర్చు. ఒకే ఏడాదికి ఆ మూడూ కావాలంటే తర్వాతి ఏళ్ల పుస్తకాలు కూడా తియ్యాలి. మొదట రాసిందానికీ చివర మిగిలిందానికీ తేడా రాసుకోండి. తర్వాత ఆ పద్దు పక్కన ఉన్న పథకం పేరు చదవండి. అది వాడకు వచ్చిన పనా, అందరికీ వచ్చిన పథకమా, లేక వచ్చినట్టు భావించిందా? వాట్సాప్‌లో పంపండి, శాఖల వారీగా ఒకచోట పెడదాం. చట్టం గడువు మళ్లీ తీరేది 2033 జనవరిలో. అప్పటికి మన చేతిలో పదేళ్ల లెక్క ఉండాలి.

వచ్చే భాగంలో గురుకులాల గురించి, ఎస్.ఆర్. శంకరన్ గురించి రాస్తాను.

జై భీమ్.